థైరాయిడే కదా అంటే సరిపోతుందా?

"థైరాయిడే కదా!" పాతబస్తీలో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. కోడలి గురించి అత్త అంటుంది, భార్య గురించి భర్త అంటాడు, మందులషాపు కుర్రాడు అంటాడు, ఓపీలో తలెత్తకుండా చీటీ రాసే డాక్టరూ అంటాడు. చివరికి ఆ ఆడమనిషే తన గురించి తాను అనేసుకుంటుంది: "థైరాయిడిచ్ తో హై, బాజీ." గొంతు బొంగురుపోయినా అదే జవాబు, ముద్ద దిగకపోయినా అదే జవాబు, మెడ మీద గడ్డ తేలినా అదే జవాబు. జబ్బుకు పేరు పెట్టగానే ఇక వెతకడం మానేస్తున్నారు.

హాషిమోటో జబ్బు, అంటే శరీరంలోని రోగనిరోధకశక్తే థైరాయిడ్ గ్రంథి మీద దాడి చేసి దాన్ని వాపుకు గురిచేసే జబ్బు ఉన్న స్త్రీ మెడలో గడ్డ కనిపిస్తే, అది కాన్సరా కాదా అని తేల్చడం వైద్యానికి నిజంగానే కష్టమైన పని. ఆ కష్టం ఏమిటో ఆమెకు చెప్పి, ఓపిగ్గా ఒక్కొక్క మెట్టు ఎక్కి తేల్చాలి. దానికి బదులు మన వైద్యవ్యవస్థ రెండు అడ్డదారులు వెతుక్కుంది. చేతిలో డబ్బు లేని ఆమె గడ్డను వదిలేస్తుంది. అప్పో సప్పో తేగలదనుకున్న ఆమె గ్రంథిని కోసేస్తుంది. ఈ రెండూ వేరు వేరు సమస్యలని, ఒకటి సర్కారు దవాఖానాల సమస్య, రెండోది ప్రైవేటు దోపిడీ సమస్య అని మనం విడివిడిగా మాట్లాడుతూ వచ్చాం. నా వాదన ఏమిటంటే రెండింటికీ మూలం ఒకటే. స్త్రీకి అనుమానాన్ని అర్థం చేసుకునే శక్తి ఉందని, అర్థం చేసుకునే హక్కు ఉందని ఎవరూ నమ్మకపోవడమే ఆ మూలం.

ఇదేదో కొద్దిమంది గొడవ అనుకునేవాళ్ల కోసం ఒక లెక్క చెబుతాను. హైదరాబాదుతో సహా దేశంలోని ఎనిమిది నగరాల్లో 5,376 మంది వయోజనులను పరీక్షించి 2013లో ప్రచురించిన సర్వేలో, దాదాపు 11 శాతం మందికి హైపోథైరాయిడిజం ఉందని తేలింది. ఆడవాళ్లలో అది మగవాళ్లలో కంటే సుమారు మూడింతలు. అంతకన్నా ముఖ్యమైన సంగతి, దాదాపు 22 శాతం మంది రక్తంలో టీపీఓ యాంటీబాడీలు ఉన్నాయి. యాంటీబాడీలున్న ప్రతివాళ్లకూ జబ్బు వస్తుందని కాదు గానీ, గ్రంథి మీద దాడి మొదలైందనడానికి అవి గుర్తు. ఇక గ్రంథిలో గడ్డలంటారా, స్కానింగు చేస్తూపోతే నడివయసు స్త్రీలలో ఎంతోమందికి ఏదో ఒకటి కనిపిస్తుంది. వాటిలో నూటికి తొంభై దాకా హాని లేనివే. మిగిలిన ఆ కొద్దిలో ఎవరున్నారన్నదే ప్రశ్న.

నేను మాట్లాడిన స్త్రీలలో ఇద్దరి సంగతి ఇక్కడ చెప్పాలి. పేర్లు రాయను, ఆసుపత్రుల పేర్లూ రాయను.

మొదటి ఆమెది తలాబ్‌కట్ట. నలభై ఆరేళ్లు. ఇంట్లోనే కార్చోబు ముందు కూర్చుని జర్దోజీ పని చేస్తుంది. పొద్దున్నుంచి మెడ వంచి కూర్చునే పని కాబట్టి మెడనొప్పి ఆమెకు కొత్త కాదు. ఏడేళ్లుగా థైరాయిడ్ గోలీ మింగుతోంది. ఒకరోజు మెడలో కాలీపోత్ లచ్ఛా ఒకవైపు ఎత్తుగా నిలబడుతోందని కూతురు గమనించింది. మూడు చోట్ల చూపించుకుంది. మూడు చోట్లా టీఎస్‌హెచ్ కాగితం చూశారు, గోలీ యాభై నుంచి డెబ్భై ఐదుకు పెంచారు. ఒక్కరూ మెడ మీద చెయ్యి పెట్టలేదు. నాలుగో చోట పెట్టారు, సూది పరీక్ష కూడా చేశారు. కానీ స్కానింగు లేకుండా చేతి అంచనాతో సూది గుచ్చారు. "లింఫోసైటిక్ థైరాయిడైటిస్" అని రిపోర్టు వచ్చింది. కాన్సరు లేదు, వెళ్లిపొమ్మన్నారు. ఆమె మసీదులో మిఠాయి పంచింది. పద్నాలుగు నెలల తర్వాత మెడ పక్కన మరో గడ్డ లేచింది. ఈసారి స్కానింగులో చూస్తూ సూది వేస్తే పాపిల్లరీ కాన్సరని, పక్క గ్రంథులకు పాకిందని తేలింది. మొదటి సూది గడ్డలో పడనేలేదు. గడ్డ చుట్టూ ఉన్న వాచిన గ్రంథిలో పడింది. ఆ గ్రంథిలో హాషిమోటో ఉన్న మాట నిజమే కాబట్టి రిపోర్టు కూడా అబద్ధం కాదు!

రెండో ఆమెది ఉప్పుగూడ. ముప్పై మూడేళ్లు. ఒక ప్రైవేటు బడిలో ఆయా. ఒక డయాగ్నస్టిక్ సెంటరువాళ్లు చవగ్గా ఇచ్చిన "మహిళా ప్యాకేజీ"లో మెడ స్కానింగు కూడా ఉంది. గ్రంథి అంతా ముతకగా ఉందని, ఎడమవైపు అయిదు మిల్లీమీటర్ల నల్లమచ్చ ఉందని రాశారు. అక్కడి నుంచి ఒక నర్సింగ్‌హోముకు పంపారు. "ఉంచుకుంటే ఎప్పటికైనా ప్రమాదమే, తీసేస్తే నిశ్చింత" అన్నారు. సూది పరీక్ష చెయ్యలేదు. పుస్తెల గొలుసు కుదువపెట్టి ఆపరేషను చేయించుకుంది. గ్రంథి మొత్తం తీసేశారు. తీసినదాన్ని పరీక్షిస్తే హాషిమోటో తప్ప మరేమీ లేదు. ఇప్పుడు ఆమె గొంతు పెగలదు. ఆటస్థలంలో పిల్లలను కేకేసి పిలవలేదు. వేళ్లు తిమ్మిర్లెక్కుతాయి, రోజూ కాల్షియం మింగాలి. గొలుసు ఇంకా మార్వాడీ దగ్గరే ఉంది.

మొదటి ఆమె కథ విన్నవాళ్లు "ముందే కోసేసి ఉంటే పోయేది కదా" అంటారు. రెండో ఆమె కథ విన్నవాళ్లు "ఈ డాక్టర్లందరూ దొంగలే" అంటారు. రెండు మాటలూ సులువైనవి. అసలు చిక్కు ఎక్కడుందో చూడకుండా దేన్ని ఎదిరించాలో మనకు తెలియదు కాబట్టి, కాస్త వైద్యంలోకి దిగక తప్పదు.

మామూలు థైరాయిడ్ గ్రంథి స్కానింగులో నునుపుగా, తెల్లగా కనిపిస్తుంది. కాన్సరు గడ్డ సాధారణంగా నల్లగా, అంచులు గరుగ్గా, వెడల్పు కంటే పొడుగ్గా, లోపల సన్నటి సున్నపు చుక్కలతో కనిపిస్తుంది. తెల్ల గోడ మీద నల్ల మరకను ఎవరైనా పడతారు. హాషిమోటోలో గోడే నల్లబారుతుంది. గ్రంథి అంతా మచ్చలు మచ్చలుగా, మధ్యమధ్య తెల్లటి నార చారలతో నిండిపోతుంది. ఆ చారల మధ్య చిక్కిన మామూలు కణజాలమే గుండ్రటి గడ్డలా కనిపిస్తుంది, అది గడ్డ కాదు. అసలైన గడ్డ ఆ నలుపులో కలిసిపోతుంది. మెడలోని లింఫ్ గ్రంథుల మాటా అంతే. కాన్సరు పాకినా ఉబ్బుతాయి, వట్టి హాషిమోటోకూ ఉబ్బుతాయి.

సూది పరీక్షలో ఇంకో తిరకాసు ఉంది. హాషిమోటో గ్రంథిలో హర్తిల్ కణాలనే పెద్ద కణాలు పుడతాయి. వాటి కేంద్రకాలు ఉబ్బి, ఒక్కోసారి గాడి పడి, అచ్చం పాపిల్లరీ కాన్సరు కణాల్లా కనిపించి భ్రమ పెడతాయి. ఇటువైపు వాపు తాలూకు లింఫోసైట్లు గుంపులుగా కమ్ముకుని నిజమైన కాన్సరు కణాలను దాచేయనూ గలవు. అందుకే ఈ జబ్బున్నవాళ్ల సూది రిపోర్టు చాలాసార్లు అవుననీ రాదు, కాదనీ రాదు. 2009 నుంచి ప్రపంచమంతా వాడుతున్న బెథెస్డా పద్ధతిలో రిపోర్టులను ఆరు తరగతులుగా విభజిస్తారు. 2023లో దాని మూడో కూర్పు వచ్చింది. అందులో మూడో తరగతి "తేల్చలేని తేడా" అని చెప్పేది. ఆ తరగతి వస్తే చేయవలసింది కత్తి తీయడం కాదు. కొంతకాలం ఆగి మళ్లీ సూది వేయాలి, స్కానింగు వివరాలతో కలిపి చదవాలి, వీలుంటే జన్యుపరీక్ష చేయించాలి. ఆ చివరిది మన బస్తీలవాళ్లకు అందే ధరలో లేదు.

ఇంకొక అరుదైన ప్రమాదం గురించి కూడా చెప్పాలి. చాలా ఏళ్లుగా హాషిమోటో ఉన్న పెద్దవయసు స్త్రీలలో, గ్రంథి కొద్ది వారాల్లోనే గబగబా పెరిగితే అది థైరాయిడ్ లింఫోమా కావచ్చు. దానికి గ్రంథి తీసేయడం ప్రధాన చికిత్స కాదు, కీమోథెరపీ, రేడియేషను కావాలి. సన్నసూదితో తీసిన కణాలు చూస్తే అది కూడా హాషిమోటోలాగే కనిపించగలదు, ఎందుకంటే రెండింటిలోనూ లింఫోసైట్లే. లావు సూదితో ముక్క తీసి చూడాలి. అరవై ఏళ్ల అమ్మమ్మ "మెడ బిగిసిపోతోంది, పడుకుంటే ఊపిరాడదు" అంటే "నీకు థైరాయిడ్ పాతదే కదా నానీమా" అని పంపేసేవాళ్లు దయచేసి ఈ పేరా రెండుసార్లు చదవాలి.

మరి హాషిమోటో ఉంటే కాన్సరు వస్తుందా? బస్తీ మీటింగుల్లో నన్ను అందరూ అడిగే ప్రశ్న ఇది. ఆపరేషను అయినవాళ్ల గ్రంథులను పరీక్షించి లెక్కవేసిన పరిశోధనల్లో రెండింటికీ గట్టి సంబంధం కనిపిస్తుంది. సూది పరీక్షకు వచ్చిన వాళ్లందరినీ లెక్కవేసిన పరిశోధనల్లో ఆ సంబంధం బాగా పలచబడుతుంది. సమాజశాస్త్రంలో మేం విద్యార్థులకు మొదటి నెలలో చెప్పే పాఠమే ఇది: ఏం లెక్కపెట్టావని అడిగేముందు ఎవరిని లెక్కపెట్టావని అడుగు. ఆపరేషను దాకా వెళ్లినవాళ్లంటే ముందే అనుమానంతో ఏరిన వాళ్లు. పైగా హాషిమోటో నేపథ్యంలో వచ్చే పాపిల్లరీ కాన్సరు మిగతావాటికంటే కొంచెం నెమ్మదైనదని చాలా పరిశోధనలు చెబుతున్నాయి. కాబట్టి "నీకు హాషిమోటో ఉంది, కాన్సరు రాకముందే తీసేద్దాం" అనేవాళ్ల మాటకు ఆధారం లేదు. "హాషిమోటో ఉంది కాబట్టి గడ్డ కూడా అదే" అనేవాళ్ల మాటకూ లేదు.

ఈ జబ్బు చరిత్రే ఒక పాఠం. 1912లో జపాన్‌లోని ఫుకుఓకాలో హకారు హాషిమోటో అనే యువ సర్జను నలుగురి మెడల నుంచి కోసి తీసిన గ్రంథులను సూక్ష్మదర్శిని కింద చూసి ఇదొక కొత్త జబ్బని రాశాడు. నలుగురూ స్త్రీలే. వాళ్ల పేర్లు మనకు తెలియవు, జబ్బుకు మిగిలింది డాక్టరు పేరే. ఆ తర్వాత దశాబ్దాలపాటు ఈ జబ్బున్న ఆడవాళ్లు కాన్సరు భయంతో గ్రంథులు కోయించుకుంటూనే వచ్చారు. 1956లో లండన్‌లో ఐవన్ రాయిట్, డెబొరా డోనియాక్, పీటర్ కాంప్‌బెల్ ఈ రోగుల రక్తంలో గ్రంథికి వ్యతిరేకంగా యాంటీబాడీలున్నాయని కనుక్కున్నాక రక్తపరీక్షతోనే జబ్బును పట్టడానికి దారి దొరికింది. ఆ ముగ్గురిలో డోనియాక్ స్త్రీ. ఆ నలుగురు జపనీయుల నుంచి ఉప్పుగూడ ఆయా దాకా నూరేళ్లు దాటింది. కోశాక తెలిసింది హాషిమోటో అని.

ఇప్పుడు పాతబస్తీకి వద్దాం. మీటింగుల్లో డాక్టర్లు, కొన్నిసార్లు మన సంస్థల కార్యకర్తలు కూడా, "వాళ్లు పరదా వల్ల చూపించుకోరండీ" అంటారు. నాకు ఈ మాట వింటే ఒళ్లు మండుతుంది. ఏ పొద్దున్నయినా అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ముందు నిలబడి చూడండి. బురఖాలో ఉన్నవాళ్లు తెల్లవారకముందే వరుసలో ఉంటారు. మెడ చూడాలంటే బురఖా పైగుడ్డ తీయడం ఒక నిమిషం పని, తెర ఒకటి ఉంటే చాలు, ఆడ డాక్టరో నర్సో పక్కన ఉంటే ఇంకా మంచిది. ఆ తెర కట్టించనివాళ్లు పరదాను నిందించడం ఏం న్యాయం? అసలు అడ్డు ఏమిటో ఆ తలాబ్‌కట్ట ఆమె వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పింది. ఓపీ చీటీకి ఒకరోజు. రక్తానికి మర్నాడు పరగడుపున. ఆ రిపోర్టుకు మరోరోజు. స్కానింగుకు తారీఖు ఇస్తారు, ఆ తారీఖుకు మిషను చెడిపోతే మళ్లీ తారీఖు. సూదికి ఒకరోజు, దాని రిపోర్టుకు ఇంకోరోజు, రిపోర్టు చూపించడానికి ఆ డాక్టరు ఓపీ ఉండే రోజు. ఎనిమిది రోజులు కార్చోబు మూతపడుతుంది. జర్దోజీ పని ముక్కకింత అని కట్టించే కూలి, రానిరోజుకు ఏమీ లేదు. లాడ్‌బజారుకు లక్కగాజులు చేసే ఆడవాళ్లదీ ఇదే లెక్క. 2023 డిసెంబరు నుంచి బస్సులో ఆడవాళ్లకు టిక్కెట్టు లేదు, అది మంచిదే. కానీ పోయిన కూలిని బస్సు ఇవ్వదు, తలాబ్‌కట్ట గల్లీలోకి బస్సు రాదు.

2018లో మొదలైన బస్తీ దవాఖానాలు, ఉచిత రక్తపరీక్షలు నిజంగా మేలు చేశాయి. టీఎస్‌హెచ్ కోసం ఇదివరకు ప్రైవేటు ల్యాబులో డబ్బు పోసిన ఆడవాళ్లు ఇప్పుడు గల్లీ చివర రక్తం ఇచ్చి వస్తున్నారు. దాన్ని నేను తక్కువ చేయను. అయితే ఆ తేలికైన పరీక్షే ఇప్పుడు కష్టమైన పరీక్షకు అడ్డంగా నిలబడుతోంది. టీఎస్‌హెచ్ గ్రంథి ఎంత పనిచేస్తోందో చెబుతుంది. అందులో గడ్డ ఉందో లేదో చెప్పదు, ఉన్న గడ్డ ఏమిటో అసలే చెప్పదు. థైరాయిడ్ కాన్సరున్న చాలామందిలో టీఎస్‌హెచ్ మామూలుగానే ఉంటుంది. ఆ అంకె మామూలుకు వచ్చిందంటే మనిషి బాగైనట్టే అనుకునే అలవాటు డాక్టర్లకు పడింది, మన కార్యకర్తలకూ పడింది. మెడ మీద చెయ్యిపెట్టి, ఒక గుటక మింగమని, పక్కన తడిమి చూడడానికి మిషను అక్కర్లేదు, రెండు నిమిషాలు కావాలి.

ఇక మన సంగతి. మే 25 ప్రపంచ థైరాయిడ్ దినం వస్తుందంటే మందుల కంపెనీలు, స్కానింగు సెంటర్లు మన సంస్థల చుట్టూ తిరుగుతాయి. షామియానా వాళ్లదే, బానరు వాళ్లదే, ఆడవాళ్లను పోగుచేయడం మన పని. "ఆరోగ్య శిబిరం" అంటే మనకూ కాదనడానికి నోరు రాదు. కానీ ఏ లక్షణమూ లేని ఆడవాళ్లను వరసగా పడుకోబెట్టి మెడలు స్కాను చేసే శిబిరాలకు మనం మనుషులను పోగుచేసి పెట్టకూడదని నేను గట్టిగా అంటాను. ఎందుకో దక్షిణకొరియాను చూస్తే తెలుస్తుంది. అక్కడ 1999లో జాతీయ కాన్సరు పరీక్షల కార్యక్రమం మొదలయ్యాక, ఆసుపత్రులు కొద్ది డబ్బుకు మెడ స్కానింగును దానికి జోడించి అమ్మాయి. 2011 నాటికి థైరాయిడ్ కాన్సరు కేసులు 1993తో పోలిస్తే పదిహేను రెట్లయ్యాయి. ఆ కాన్సరుతో చనిపోయేవాళ్ల సంఖ్య మాత్రం తగ్గలేదు, ఉన్నచోటనే ఉంది. అంటే కనిపెట్టిన వాటిలో ఎక్కువభాగం ఎన్నడూ ప్రాణం తీయని చిన్న గడ్డలు. ఆపరేషను అయినవాళ్లలో సుమారు 11 శాతం మందికి పారాథైరాయిడ్ గ్రంథులు దెబ్బతిన్నాయి, 2 శాతం మందికి స్వరతంత్రి పడిపోయింది. 2014లో కొందరు డాక్టర్లే బయటికొచ్చి ఈ పరీక్షలు ఆపమని బహిరంగంగా కోరాక ఆపరేషన్లు బాగా తగ్గాయి. 2016లో అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ లెక్క ప్రకారం పన్నెండు దేశాల్లో రెండు దశాబ్దాల్లో అనవసరంగా థైరాయిడ్ కాన్సరు ముద్ర పడిన స్త్రీలు 4,70,000 మంది, పురుషులు 90,000 మంది. ఈ తేడా ఎందుకొచ్చింది? ఆడవాళ్ల శరీరాన్నే నిత్యం పరీక్ష కింద పెట్టే అలవాటు ఈ లెక్కలో కనిపించడం లేదా?

జపాన్‌లో కోబేలోని కూమా ఆసుపత్రి 1993 నుంచి మరో దారి చూపింది. సెంటీమీటరు దాటని, ప్రమాద సూచనలు లేని పాపిల్లరీ కాన్సరని తేలినవాళ్లకు కూడా, వాళ్లు ఒప్పుకుంటే, కత్తి పెట్టకుండా ఏటా స్కానింగుతో కనిపెట్టుకుని ఉంటున్నారు. పదేళ్లలో గడ్డ పెరిగినవాళ్లు పదిమందిలో ఒక్కరు కూడా లేరు. పెరిగితే అప్పుడు ఆపరేషను చేశారు. 2017లో అమెరికన్ రేడియాలజీ కాలేజీ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం సెంటీమీటరు లోపు గడ్డకు, ఎంత అనుమానంగా ఉన్నా, సాధారణంగా సూది కూడా అక్కర్లేదు, గమనిస్తే చాలు. ఉప్పుగూడ ఆమెది అయిదు మిల్లీమీటర్లు!

ఇక్కడ ఒక మిత్రురాలు నన్ను నిలదీసింది. "కోబేలో ఏటా స్కాను చేస్తారు. మన దగ్గర మూడు నెలల తర్వాత రమ్మంటే వచ్చేవాళ్లెవరు, చూసేవాళ్లెవరు? వచ్చినప్పుడే కోసేస్తే ఆమెకు మేలు కాదా?" ఈ వాదన దయగల వాదనలా కనిపిస్తుంది. ట్యూబెక్టమీ శిబిరాల కాలం నుంచి ఈ దయను చూస్తున్నాం. పేద స్త్రీ మళ్లీ రాదు కాబట్టి ఒక్కసారికే తేల్చెయ్యాలనే తర్కం గర్భసంచులను తీయించింది. ఆపరేషను అయితే ఆమె రానక్కర్లేదా? గ్రంథి తీసేస్తే జీవితాంతం గోలీ, ఏటా రక్తపరీక్షలు, కొందరికి కాల్షియం. కాన్సరైతే థైరోగ్లోబ్యులిన్ పరీక్షతో కనిపెట్టుకుని ఉండాలి, హాషిమోటో ఉన్నవాళ్లలో యాంటీబాడీలు ఆ పరీక్షను కూడా తప్పుదారి పట్టిస్తాయి. మళ్లీ రాలేనిదని ఎవరి గురించి అంటున్నామో ఆమెనే జన్మంతా ఆసుపత్రికి కట్టేసే వైద్యం ఇది.

డబ్బు కూడా అటే తోస్తోంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది. తెలంగాణలో 2023 డిసెంబరులో దాని పరిమితిని పదిలక్షలకు పెంచారు. కానీ ఆ పథకం అల్లిక అంతా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్స చుట్టూ ఉంది. ఆపరేషనుకు ప్యాకేజీ ఉంది. ఆపరేషను అక్కర్లేదని తేల్చే ఓపిక గల స్కానింగుకు, రెండోసారి సూదికి, ఆర్నెల్లకోసారి చూసి "ఏం లేదమ్మా" అని చెప్పే డాక్టరు సమయానికి ప్యాకేజీ ఎక్కడుంది? కోయకపోవడానికి ఎవరూ బిల్లు వేయలేరు.

ఉస్మానియా పాత భవనంలోకి 2020 జులైలో వాననీళ్లు వచ్చి వార్డులు మునిగాయి, ఆ నెలలోనే భవనం మూశారు. 2025 జనవరి 31న గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. ఎన్ని పడకలు, ఎన్ని ఆపరేషను థియేటర్లు అనే మాటే అందరూ మాట్లాడుతున్నారు. మనం అడగవలసింది చాలా చిన్నది. మెడలో గడ్డతో వచ్చిన స్త్రీకి ఒకేరోజు, ఒకేచోట, స్కానింగు, ఆ స్కానింగు చూస్తూనే సూది పరీక్ష జరిగే ఒక గది. వారానికి ఒకరోజైనా చాలు. ఎనిమిది రోజుల కూలి రెండు రోజులకు తగ్గుతుంది. సూది గడ్డలోనే పడుతుంది. సూది రిపోర్టులో బెథెస్డా తరగతి తప్పనిసరిగా రాయాలి. దాని అర్థం ఉర్దూలోనూ తెలుగులోనూ ఒక చీటీ మీద రాసి ఆమె చేతికివ్వాలి. 2017లో ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండో అధికారభాషగా చేశారు కదా, ఆ భాషలో ఆసుపత్రి కాగితం ఒక్కటి ఎందుకు రాదు? గ్రంథి తీసే ముందు, తీయకపోతే ఏమవుతుందో, తీస్తే గొంతుకూ కాల్షియానికీ ఏం కావచ్చో చెప్పి సంతకం తీసుకోవాలి. 1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ ఇంజెక్షను ప్రయోగానికి ఆడవాళ్లను పిలిచినప్పుడు వాళ్లకు ఏం చెప్పారని అడిగి, స్త్రీశక్తి సంఘటన మిగతా సంఘాలతో కలిసి 1986లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ ప్రశ్నను మనం పాత ఫైళ్లలో పెట్టేశామా?

శిబిరం పెట్టితీరాలనుకునే సంస్థలు స్కానింగు మిషను వెనక్కి పంపి, ఒక డాక్టరును, ఒక తెరను, ఒక గ్లాసు నీళ్లను తెచ్చుకోండి. మెడ తడిమి చూడనివ్వండి. గడ్డ ఈమధ్యే గబగబా పెరిగిందా, గొంతు మారి వారాలైందా, మింగడమో ఊపిరో కష్టమవుతోందా, మెడ పక్కన ఇంకేమైనా తేలిందా, ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ కాన్సరుందా, చిన్నప్పుడు మెడకు రేడియేషను ఇచ్చారా అని అడగండి. అవునన్నవాళ్లతో మీ కార్యకర్త ఒకరు ఆసుపత్రికి వెళ్లాలి, చివరి కాగితం వచ్చేదాకా వెళ్లాలి. కాదన్నవాళ్లను భయపెట్టకుండా ఇంటికి పంపండి.

వెళ్లే ఆ కార్యకర్త ఒక పని మరిచిపోవద్దు. సూది పరీక్షకు పంపే ఫారంలో రోగి వివరాలకు నాలుగు గీతలు ఉంటాయి. నేను చూసిన ఫారాల్లో అక్కడ చాలాసార్లు "మెడ వాపు" అని రెండు ముక్కలే ఉన్నాయి, కొన్నింటిలో అవీ లేవు. సూక్ష్మదర్శిని ముందు కూర్చున్న పాథాలజిస్టుకు ఆమె గురించి తెలిసేదంతా ఆ నాలుగు గీతల్లోంచే. ఆమెకు హాషిమోటో ఉందని, ఎన్నేళ్లుగా ఉందని, యాంటీబాడీ పరీక్ష ఏం చెప్పిందని, గడ్డ ఎటువైపు, ఎంత, స్కానింగులో ఎలా ఉందని, సూది చూస్తూ వేశారా చేతి అంచనాతో వేశారా అని అక్కడ రాసి ఉంటే హర్తిల్ కణాన్ని చూసి కాన్సరనీ, పక్క గ్రంథిని చూసి కాన్సరు కాదనీ పొరబడే అవకాశం తగ్గుతుంది. ఫారం డాక్టరు చేతిలో ఉండగానే అడగండి. "అవన్నీ ఎందుకమ్మా, థైరాయిడే కదా" అంటే, రాసేదాకా కుర్చీలోంచి లేవకండి.